గంగులప్ప నడిచిన పది అడుగులు

లెక్క ఎక్కడ తప్పిందో నీలాద్రికి మూడు రోజులుగా అంతుపట్టలేదు. మత్తు డాక్టరు చదువులో చివరి ఏడాది అతనిది. ఎంతటివాళ్లనైనా నిమిషంలో పడుకోబెడతానని కాస్త గీర ఉండేది. ఆ గీరే కొంప ముంచింది.

గంగులప్పకు డెబ్బై ఆరేళ్లు. కడుపు ఆపరేషనుకని బల్ల ఎక్కించారు. నీలాద్రి మొదటి మందు ఎక్కించాడు. ముసలాయన కళ్లు మూయలేదు. మందు చాల్లేదనుకుని, రెండోది కూడా పూర్తిగా తోసేశాడు. అప్పుడు రెండూ కలిసి ఒక్కసారే పనిచేశాయి. బీపీ పాతాళానికి పడి గుండె ఆగింది.

గురువుగారు కరీముల్లా సారు పరుగున వచ్చి, ఛాతీ నొక్కీ నొక్కీ ఆ గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు. ఆపరేషను వాయిదా పడింది. గంగులప్ప మూడు రోజులు ఐసీయూలో తెలివి లేకుండా పడి ఉన్నాడు.

సారు పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది, ఆ పిల్లవాడికి ముద్ద దిగేది.

ముసలాయనకు తెలివొచ్చి, వార్డుకు మార్చిన రోజు నీలాద్రి ఒక కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాడు.

“బరువును బట్టే ఇచ్చాను సార్. ఏ మందుకు ఆ మందు లెక్క సరిగ్గానే ఉంది. మరి ఎక్కడ తప్పాను?”

సారు కాగితం చూడలేదు. “పద, ఆయన్ని నడిపించాల” అని లేచారు.

మంచం నుంచి కిటికీకి పది అడుగులుంటుంది. “నువ్వే పట్టుకో” అన్నారు సారు.

గంగులప్ప నీలాద్రి భుజం మీద చెయ్యి వేశాడు. “మంచి నిద్ర పట్టిస్తివి నాయనా. మూడు దినాలు లెయ్యలేదంట గదా” అన్నాడు, పాపం, మెచ్చుకోలుగానే. నీలాద్రికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ముసలాయన ఒక అడుగు వేసి నిలబడ్డాడు. “ఇంకొకటి తాతా” అని నీలాద్రి ఆయన చెయ్యి పట్టి లాగాడు. మోకాళ్లు మడతపడి ముసలాయన తూలాడు. సారు చటుక్కున నడుం పట్టుకున్నారు.

“ఆ అడుగు కుదురుకోనీ నీలాద్రీ.”

నీలాద్రి ఆగాడు. ఆ అడుగు కుదురుకున్నాక ఇంకోటి పడింది. మళ్లీ ఆగాడు. కిటికీ చేరేసరికి ఐదు నిమిషాలు పట్టింది. గంగులప్ప ఊచలు పట్టుకుని, ఎండలోకి చూస్తూ ఆయాసం తీర్చుకుంటున్నాడు.

సారు గొంతు తగ్గించి అడిగారు. “ఆ పొద్దు మొదటి మందు ఇచ్చినాక ఎంతసేపు ఆగినావు?”

 నీలాద్రికి తన చేతిలో కాగితం ఎప్పుడు నలిగిపోయిందో తెలియలేదు.

సారు అతని వైపు చూడకుండా, ముసలాయన వీపు నిమురుతూ అన్నారు.

“నీ వయసులో నేనూ బల్ల మీద ఒకామెకు మందు పట్టేదాకా ఆగలేదు. ఆమెను ఇట్లా నడిపించే రాత నాకు లేకపాయె.”