నత్తరాజు నడిచిన ఏటిదారి

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక అడవి, అడవి అంచున ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, గుర్రమెక్కితే గాలే. నడిపివాడు చిత్రసేనుడికి తెలివి ఎక్కువ, కానీ దాన్ని ఎక్కడ వాడకూడదో సరిగ్గా అక్కడే వాడతాడు. చిన్నవాడు మల్లభూపుడు. వాడు నడుస్తాడర్రా, అంతే! పిట్ట కూస్తే ఆగుతాడు, చీమలబారు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళతాడు. అందుకని అన్నలు వాడికి నత్తరాజు అని పేరు పెట్టారు.

ఒక వేసవిలో ఏరు ఉన్నట్టుండి ఎండిపోయింది. అడవికి ఆ చివర, ఏరు పుట్టేచోట కరాళుడనే మాంత్రికుడు చేరి, ఏటినంతా ఒక చెంబులో పట్టి మూత బిగించేశాడు. "ఏడు రోజుల్లో నీళ్లు రాకపోతే ఊరు ఖాళీ చెయ్యక తప్పదు" అన్నాడు రాజు.

మొదటిరోజు రణధీరుడు గుర్రమెక్కి వెళ్లాడు. గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. మూడోరోజు చిత్రసేనుడు వెళ్లాడు. ఆయనా రాలేదు. ఆరోరోజు పొద్దున్నే మల్లభూపుడు తండ్రి కాళ్లకు దండం పెట్టి బయల్దేరాడు. "నత్త వెళ్లి ఏరు తెస్తుందట!" అని కోటలో నవ్వుకున్నారు. వాడు విన్నాడు, బాధపడ్డాడు, అయినా నడిచాడు.

అడవి మొదట్లో కావలివాడి కూతురు రేల ఎదురొచ్చింది.

"ఆగండి దొరా! ఈ దారికో కట్టుబాటుంది. ప్రతి మలుపులోనూ ఒక రాళ్లగుట్ట ఉంటుంది. నడిచేవాళ్లు తలా ఒక రాయి దానిమీద పెట్టి, వెనకొచ్చేవాళ్లకి దారి చూపాలి. మీ పెద్దన్నగారు నా మాట వినకుండానే దూసుకుపోయారు. చిన్నన్నగారు శుభ్రంగా విని, తన వెనక ఎవరూ రాకూడదని గుట్టలన్నీ తన్నుకుంటూ పోయారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"తొందరపడొద్దంటాను."

"ఆ ఒక్కటీ నాకు చెప్పక్కర్లేదు" అన్నాడు మల్లభూపుడు. రేల ఫక్కున నవ్వింది.

ఇక ఆ దారి గురించి ఏం చెప్పమంటారు! ఒక పక్క ఎండిన ఏటి ఇసుక, ఇంకోపక్క తెల్లమద్ది చెట్లు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల మాత్రం అమ్మ చీరకొంగు కింద దూరినంత చల్లదనం. ఒడ్డున రాలిన నేరేడుపళ్లు తొక్కి తొక్కి వాడి పాదాలు ఊదారంగుకి తిరిగాయి. వెదురుపొదలు కిర్రుకిర్రుమంటున్నాయి. నీళ్లు లేకపోయినా లకుముకిపిట్ట ఒకటి అలవాటుకొద్దీ ఏటిమీదికి వంగిన కొమ్మనే పట్టుకుని కూర్చుంది. దాన్ని చూసేసరికి వాడికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఇంత అందమైన చోటు చచ్చిపోతే ఎలా?" అనుకున్నాడు.

మొదటి మలుపు వచ్చింది. గుట్ట చెల్లాచెదురై ఉంది. వాడు రాయి మీద రాయి పేర్చి, తన రాయి పైన పెట్టాడు. రాళ్ల కింద ఇరుక్కున్న తాబేలు బయటికొచ్చి, "రాజకుమారా, నీ మేలు మరిచిపోను. కరాళుడి ప్రాణం అతని ఒంట్లో లేదు. వంద చిలకలు పెంచుతాడు, వాటిలో ఒకదానిలో దాచాడు" అంది.

రెండో మలుపు వచ్చింది. వాడు మళ్లీ గుట్ట పేర్చి, తన రాయి పెట్టాడు. ఆ గుట్టలో గింజలు దాచుకునే ఉడుత గంతులేసుకుంటూ వచ్చి పాలపండొకటి చేతిలో పెట్టింది. "ఉంచుకో! ఏ చిలకా దీన్ని కాదనలేదు" అంది.

మూడో మలుపు వచ్చింది. అక్కడ రెండు రాళ్లు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఎందుకో జాలేసి, వాటిని మెల్లగా తుడిచి గుట్టమీద పక్కపక్కన పెట్టాడు. మడుగులో మిగిలిన కాసిని నీళ్లలోంచి నీటికుక్క తల ఎత్తి చూసింది. "ఆ చిలక గనక ఒక్క పండు రుచి చూసిందా, మామూలు చిలకైపోతుంది, కరాళుడి మంత్రాలన్నీ పోతాయి" అంది.

మర్నాడు పొద్దుటికి మల్లభూపుడు ఏరు పుట్టేచోటికి చేరాడు. పెద్ద మేడిచెట్టు, దాన్నిండా చిలకలు. చెట్టు కింద చెంబు ఒళ్లో పెట్టుకుని కరాళుడు.

"వచ్చావా నత్తరాజా! నా ప్రాణం ఏ చిలకలో ఉందో చెప్పు. చెబితే ఏరు నీది, తప్పితే నువ్వు రాయివి. మీ పెద్దన్న అన్నిటికన్నా లావు చిలకని చూపించాడు. మీ చిన్నన్న అన్నిటికన్నా పై కొమ్మమీద దాన్ని చూపించాడు. ఇద్దర్నీ రాళ్లు చేసి దారిలోకి గిరాటేశాను" అని పకపకా నవ్వాడు.

మల్లభూపుడు చిలకలవంక చూడనేలేదు. కింద నేల చూస్తూ చెట్టుచుట్టూ మెల్లగా తిరగసాగాడు. చిలక బుద్ధి తెలుసుగా మీకు? సగం కొరుకుతుంది, సగం పారేస్తుంది. నేలంతా మేడిపండు ముక్కలే. ఒక్కచోట మాత్రం ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది.

"ఏం వెతుకుతున్నావురా?"

"నీ చిలక తిండి తినదు కదా తాతా! తినని చిలక కింద ఎంగిలి ఎలా ఉంటుంది?"

కరాళుడు అదిరిపడి లేచేలోపు మల్లభూపుడు ఆ చోటికి పైనున్న కొమ్మ ఎక్కేశాడు. అక్కడ ఒక బక్కచిలక ముడుచుకుని కూర్చునుంది. పాపం, ఎన్నేళ్ల ఆకలో! పాలపండు ముక్కు దగ్గర పెట్టగానే ఆబగా కొరికింది, సగం పారేసింది, కీచుమని మిగతావాటితో కలిసి ఎగిరిపోయింది.

కరాళుడు మోకాళ్లనొప్పుల ముసలాడై చతికిలపడ్డాడు. చెంబు మూత ఎగిరింది. ఏరు బుసబుసమంటూ బయటికొచ్చి, ఇసుక తడుపుకుంటూ, మడుగులు కలుపుకుంటూ ఊరివైపు పరిగెత్తింది. మల్లభూపుడు కూడా జీవితంలో మొదటిసారి దాంతోపాటు పరిగెత్తాడు!

మూడో మలుపులో గుట్టమీద అన్నలిద్దరూ కూర్చునున్నారు. రణధీరుడు నడుం పట్టుకుని, "రాయిగా ఉన్నప్పుడు నన్ను తన్నిందెవడ్రా?" అంటున్నాడు. చిత్రసేనుడు ఆకాశంవంక చూస్తూ, "అబ్బ, ఎన్ని చిలకలో!" అంటున్నాడు.

మల్లభూపుడు రేలని పెళ్లాడతానన్నాడు. "పల్లకీ ఎక్కను, నడిచే వస్తాను. మీరు నా పక్కన నడుస్తానంటే సరే" అంది రేల. పెళ్లి ఊరేగింపు ఏటిదారి వెంటే నడిచింది. పిట్టపిట్టకీ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆగిపోతుంటే ముసలిరాజు ఎప్పుడో ముందుకు వెళ్లిపోయాడు. మొదటి మలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయనా, ఏదీ, ఆ పిట్టని నాకూ చూపించు" అన్నాడు.

ఆ రోజే కిరీటం తీసి మల్లభూపుడికి పెట్టాడు. ఆ అడవిలో గొడ్డలి పడకూడదు, గుర్రం దౌడు తీయకూడదు, రాజైనా పేదైనా నడవాలి, గుట్టమీద రాయి పెట్టాలి అని కొత్తరాజు చాటింపు వేయించాడు. చెదిరిన గుట్టలు పేర్చే కొలువు కరాళుడికే ఇచ్చాడు. మల్లభూపుడూ రేలా నిండు నూరేళ్లు ఏలారు, ఒక్కరోజూ తొందరపడలేదు. కథ ఏటి వెంట వెళ్లిపోయింది, ఇక మనం ఇంటిదారి పడదాం. మలుపులో రాయి పెట్టడం మరిచిపోకండేం!