పేరు పొడవు తప్పు చెప్పిన పరికరం

దైవసహాయం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్లు ఆయన వెంట నడవాల్సిందే.

విశాఖపట్నంలో ఆయన దగ్గర నలుగురైదుగురు శిష్యులు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోపాలు వెతికి దిద్దుతుంటారు. ఆ వేసవిలో హైమవతికి పెద్ద లోపమే దొరికింది. యూఎస్‌బీ పరికరం ఏదైనా కంప్యూటర్‌కు తగిలించగానే అది తన పేరు చెబుతుంది, ఆ పేరు ఎంత పొడవో కూడా చెబుతుంది. దానితో మాట్లాడే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఆ మాట నమ్మేసి, పేరును అరవై నాలుగు అక్షరాలు పట్టే చోట రాసుకుంటోంది. ఎవడైనా పనిగట్టుకుని మూడు వందల అక్షరాల పేరు పంపే పరికరం తయారుచేస్తే, మిగతా అక్షరాలు పక్కనున్న మెమరీలోకి పొర్లుతాయి. అటుపైన యంత్రం వాడు చెప్పినట్టు వింటుంది.

హైమవతి ఆ పూటే దిద్దేసింది. పేరు అరవై నాలుగు దాటినా, చెప్పిన పొడవుకూ పంపిన పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ పరికరాన్ని తోసిపుచ్చమని రాసింది. మంగళవారం ఆ మార్పు అందరి కంప్యూటర్లకూ వెళ్లింది. మరుసటి వారం ఒక ఫిర్యాదు వచ్చింది. కంప్యూటర్‌కు తగిలించి వాడే పాత బ్రెయిలీ పలక ఒకటి పనిచేయడం మానేసిందట. ఫిర్యాదుతో పాటు ఆ కంప్యూటర్ పంపిన వివరాలు హైమవతి పరీక్షించి చూసింది. ఆ పలక తన పేరు నలభై అక్షరాలని చెప్పి, ఇరవై ఆరే పంపుతోంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"అబద్ధం చెప్పేదాన్ని లోపలికి ఎందుకు రానివ్వాలి మాస్టారూ?" అని అడిగింది హైమవతి.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఫిర్యాదు వచ్చిన చోటికే తీసుకెళ్లారు. బడిపిల్లల పాఠాలను బ్రెయిలీలో అచ్చువేసే ప్రెస్ అది. ప్రూఫులు దిద్దే రహీమున్నీసా గారు చూపు లేని మనిషి, యాభై దాటాయి. బల్ల మీద మూరెడు పొడవు పలక ఉంది. కంప్యూటర్‌లో ఉన్న వాక్యం దాని మీద చుక్కలుగా పైకి లేవాలి. ఇప్పుడది నున్నగా ఉంది. "చదివి వినిపించే గొంతు ఉంది గానీ, ఒత్తు తప్పులు చెవికి దొరకవమ్మా. వేలికే దొరుకుతాయి," అందావిడ.

"మంగళవారం నుంచేనా అండీ?" అని హైమవతి అడిగింది.

"ఆ రోజు నుంచే. పలక పాడైందని నాకు తట్టనే లేదు. షుగర్ ఉంది కదా, వేళ్లు మొద్దుబారాయనుకున్నాను. ఇంక ఈ పని నావల్ల కాదనుకున్నాను. రెండు రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు. మూడో రోజు బియ్యంలో రాయి తగిలింది. అప్పుడు తెలిసింది, వేళ్లు బాగానే ఉన్నాయని."

"అది తన పేరు పొడవు తప్పు చెబుతోందండీ. అందుకని మేమే ఆపేశాం," అంది హైమవతి.

రహీమున్నీసా గారు పలక మీద చెయ్యి వేసింది. "అలాగా. పన్నెండేళ్లుగా నా దగ్గరుంది తల్లీ. నాకు ఒక్క అక్షరం తప్పు చెప్పలేదు."

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు ఆ మాటే ఎత్తలేదు. ఎండ బాగా ఉందనీ, బస్సు ఆలస్యమైందనీ అన్నారంతే. హైమవతి గదికి చేరగానే తను రాసినదంతా కొట్టేసి మళ్లీ రాసింది. పరికరం తన పేరు ఎంతని చెప్పినా సరే, నిజంగా వచ్చినంతే తీసుకోవాలి, అదీ అరవై నాలుగుకు మించకూడదు, ఎక్కువ వచ్చిన అక్షరాలు అక్కడికక్కడే వదిలేయాలి. మూడు వందల అక్షరాల పేరుతో తనే ఒక దొంగ పరికరం తయారుచేసి తగిలించింది. యంత్రం చెక్కుచెదరలేదు. ఆ మార్పు మర్నాడు ఉదయం అందరికీ వెళ్లింది. మధ్యాహ్నానికి ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది, పలక మీద చుక్కలు లేచాయని.

మాస్టారు ఆమె రాసిన నాలుగు వరుసలూ రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మొదట, వచ్చినవాళ్లను కొలిచావమ్మా," అన్నారు. "ఇప్పుడు మన చోటు కొలుచుకున్నావు."