కోట వంటశాల కొలత

ఒకానొక రాజ్యంలో వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. దాన్ని ఏలే రాజు పేరు మహామల్లదేవుడు. మంచివాడే. కాని రాతలో ఉన్నది తప్ప మరేదీ నమ్మడు. "ఎండ మండిపోతోంది దేవరా" అంటే, "రాతలో ఉందా?" అనేవాడు. పంచాంగం తెచ్చి చూపిస్తేగాని చెమట తుడుచుకునేవాడు కాదు.

ఆ రాజుకు ఒక కోరిక పుట్టింది. తన రాజ్యంలో ఏ నేల కింద ఏముందో, ఏ బావిలో నీళ్ళెన్నో, ఏ గుట్టలో ఏ రాయి దొరుకుతుందో అంతా ఒక గ్రంథంలోకి ఎక్కించాలని. ఆ పని కేదారభట్టుకు అప్పగించాడు. 'భూగర్భ సార్వభౌమ' అని బిరుదిచ్చాడు. పల్లకీ ఇచ్చాడు. మూర మూరకీ లక్క ముద్ర వేసిన పట్టుతాడు ఒకటి ఇచ్చాడు.

భట్టుకు శాస్త్రం వచ్చు. అందులో అనుమానం లేదు. రాయిని నాలుక మీద పెట్టుకుని ఉప్పో సున్నమో చెప్పేవాడు. కాని ఆయనకొక అలవాటుంది. పొద్దున స్నానం, పూజ. ఆపైన భోజనం. భోజనమయ్యాక ఒక కునుకు. పల్లకీ కదిలేసరికి నీడలు పొడుగవుతాయి. ఏ ఊరు వెళ్ళినా ఆ వేళకే. వెళ్ళాక ఎవరినీ పలకరించడు. బావిలో తాడు దించుతాడు. తడిసినంత మేర రాయిస్తాడు. రాళ్ళు నాలుగు ఏరించి సంచిలో వేయిస్తాడు. వెనక్కి తిరుగుతాడు.

అట్లాగే నల్లబండ అనే ఊరికి కూడా వచ్చాడు.

చైత్రమాసం. ఊరికంతటికీ ఒకటే బావి. ఏడు నిలువుల లోతు, బండ తొలిచి తవ్వింది. తెల్లవారగానే ఎద్దుల్ని కట్టి, తోలుసంచులతో నీళ్ళు తోడే కపిలలు మూడు నడుస్తాయి. రాగిచేలు, ఉల్లిమళ్ళు వాటితోనే తడవాలి. మధ్యాహ్నం తిరిగేసరికి అడుగు కనిపిస్తుంది. ఎద్దుల్ని విప్పేస్తారు.

ఆ వేళకు భట్టు తాడు దించాడు. రెండు మూరలు తడిసింది.

నెల తిరక్కుండా చాటింపు వచ్చింది.

"నల్లబండలో నీళ్ళు లేవని గ్రంథంలో తేలింది! నేల కింద మేలైన నాపరాయి ఉందనీ తేలింది! రాజుగారి కొత్త సభామంటపానికి ఆ రాయి కావాలి! వచ్చే పున్నమికి ఊరు ఖాళీ చెయ్యాలహో!"

ఆ పూట ఊళ్ళో పొయ్యిలు వెలగలేదు.

సుంకులమ్మ అని ఒక మనిషి ఉండేది ఆ ఊళ్ళో. నలభై అయిదు దాటింది. ఆ బావి తవ్వింది ఆమె, ఆమె పెనిమిటి. ఐదో నిలువు దగ్గర ఆయన మీద బండ జారింది. ఆయన పోయాడు. మిగిలిన రెండు నిలువులూ ఆమే తవ్వింది. అడుగున తూర్పు నెర్రెలో జల పడింది. అది జరిగి పద్దెనిమిదేళ్ళు. దాన్ని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

"రాజు మాటకు ఎదురేముంది? మూటలు కట్టుకుందాం" అన్నాడు పెద్దకాపు.

"మీరు కట్టుకుంటా ఉండండి. నేను పోయొస్తా."

"యాడికి?"

"కోటకు."

"చదువా, రాతా? పోయి ఏం చెప్తావే నువ్వు?"

"చెప్పను మామా. అడుగుతా."

సంకటి ముద్ద కొంగున కట్టుకుని బయల్దేరింది.

సభలో రాజు సింహాసనం మీద, భట్టు పక్కన పీట మీద ఉన్నారు. గ్రంథం ఇద్దరి మధ్య పట్టుదిండు మీద ఉంది.

"మా బావిలో నీళ్ళున్నాయి దేవరా" అంది సుంకులమ్మ.

"రాతలో ఉందా?"

"లేదు."

"మరి లేనట్టే."

సభ నవ్వింది. ఆమె కదల్లేదు.

"రాసిందే తప్పయితే?"

"రాత తప్పని రాతలో ఉండాలి" అన్నాడు రాజు.

భట్టు మీసం కింద నవ్వుకున్నాడు. "అమ్మీ, నా గ్రంథంలో పన్నెండు వందల బావులున్నాయి. ఒక్కదానికీ ఇంతవరకు నోరు లేవలేదు. నీకే లేచింది."

సుంకులమ్మ ఆయన వైపు చూడలేదు. "దేవరా, నేనూ ఒకటి కొలిచి రాయిస్తా. సామి తాడుతోనే. సామి కొలిచినట్టే. పద్ధతి తప్పలేదని సామే చెప్పాల. అప్పుడు కూడా రాసింది తప్పని మీకు తోస్తే, మా బావిని మళ్ళా కొలిపించండి. తప్పు లేదని తోస్తే, పున్నమిదాకా ఎందుకు, రేపే ఊరొదిలి పోతాం."

"ఏం కొలుస్తావు?"

"ఈ కోటలోదే ఏదైనా."

రాజు మీసం దువ్వాడు. "మా కోటలో కొలవటానికి కొదవా? ఏది కావాలంటే అది కొలుచుకో."

సుంకులమ్మ అప్పుడు భట్టు వైపు తిరిగింది. "సామీ, ఎట్లా కొలుస్తారో ఒక్కసారి చెప్పండి. తెలీని దాన్ని."

"వెళ్ళాలి. తాడు దించాలి. తడిసింది రాయాలి. అంతే."

"ఏ వేళకు పోవాల?"

"వేళ ఏమిటి? కొలతకు రాహుకాలం ఉంటుందా? నేను వెళ్ళిందే వేళ."

"అక్కడుండేవాళ్ళను ఏమన్నా అడగాల్నా?"

"అడిగితే అబద్ధం చెప్తారు. శిస్తుకు భయపడి లేవంటారు, గొప్పకు పోయి ఉన్నాయంటారు. తాడు అబద్ధమాడదు. తాడునే నమ్మాలి."

"మంచిది సామీ."

తాడు తీసుకుంది. కొలవటానికి పోలేదు. స్తంభం దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. సభ లేచింది. రాజు తిన్నాడు, భట్టు తిన్నాడు, కోటలో మూడు వందల మంది తిన్నారు. సుంకులమ్మ కొంగు విప్పి తన సంకటి తాను తింది. అందరి విస్తళ్ళూ లేచాక లేఖకుణ్ణి వెంటపెట్టుకుని వంటశాలకు వెళ్ళింది.

వంటపెద్ద చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "ఇప్పుడా తల్లీ రావటం? ఒక్క గడియ ముందు వచ్చుంటే..."

"నువ్వు మాట్లాడొద్దు నాయనా. అడక్కూడదంట."

"అది కాదమ్మా, మాపటికి మళ్ళీ వండుతాం, అదుగో బియ్యం కడుగుతున్నారు..."

"చెప్పినా వినకూడదంట. పక్కకు జరుగు." తాడు గుండిగలోకి దించింది.

సాయంత్రం సభ కూడింది. లేఖకుడు తాటాకు పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు పద్ధతి చూడాల కదా సామీ" అంది సుంకులమ్మ.

భట్టు సర్దుకుని కూర్చున్నాడు. "స్వయంగా వెళ్ళావా?"

"పోయినా."

"తాడు దించావా?"

"లోతున్న ప్రతిదాంట్లో."

"తడిసినంతే రాయించావా?"

"వెంట్రుక వాసి ఎక్కువ లేదు."

"ఎవరినైనా అడిగావా?"

"వాళ్ళే చెప్పబోతే నోరు మూయించినా."

భట్టు మెచ్చుకోలుగా తల ఊపాడు. "పద్ధతి నిర్దుష్టం దేవరా. నా శిష్యులు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు." చదవకుండానే ఆకు చివర తన ముద్ర వేశాడు.

"చదువు" అన్నాడు రాజు.

లేఖకుడు చదివాడు.

"కోట వంటశాల. గుండిగలు పన్నెండు. అన్నం లోతు: లేదు. అడుగున మాడు మాత్రం కలదు. పప్పు: తాడుకు తడి అంటినది, అంతే. పులుసు: రెండు వేళ్ళు. పెరుగు కుండ: కడిగి బోర్లించి ఉన్నది. నేతి జాడీ: పిల్లి నాకినంత."

ఇక్కడ లేఖకుడు ఆగాడు. రాజు "ఊఁ" అన్నాడు.

"సారాంశము. ఈ కోటలో తిండి లేదు. ఇది మనుషులు నివసించుటకు తగిన చోటు కాదు. రాజుగారిని, రాణిగారిని, పరివారాన్ని పున్నమి లోపల మరో చోటికి తరలించవలెను. కోటగోడల రాయి మేలైనది. ఖాళీ అయిన పిమ్మట విప్పి నల్లబండ బావికి వరలు కట్టుకొనవచ్చును."

మహామల్లదేవుడు సింహాసనం మీంచి లేచాడు. ముఖం ఎర్రబడింది.

"తిండి లేదా? మా కోటలోనా? పూటకు మూడు వందల విస్తళ్ళు లేస్తాయే! అందరూ తిని చేతులు కడుక్కున్నాక వచ్చి గుండిగలో తాడేస్తే ఏముంటుంది? మాడుంటుంది! రేపు గంట కొట్టే వేళకు వచ్చి చూడు, తెలుస్తుంది!"

"మా బావీ అంతే దేవరా" అంది సుంకులమ్మ. "మేం తాగి, చేలకు తాపినాక సామి వచ్చినాడు. పొద్దున రండి."

రాజు గ్రంథం వైపు చూశాడు. తాటాకు చివర భట్టు ముద్ర వైపు చూశాడు.

భట్టు కూడా లేచాడు. "దేవరా! ఇది మాటకారితనం. గుండిగను వంటవాడు నింపుతాడు. బావిని ఎవరు నింపుతారు?"

"తూర్పు నెర్రె నింపుతుంది."

"రాతలో ఉందా?" రాజు నోటికి అలవాటుగా వచ్చేసింది.

సుంకులమ్మ ఆ ఒక్కసారి కొంగు నలిపింది. తరవాత గట్టిగానే చెప్పింది.

"ఉంది దేవరా. బావిలోనే ఉంది. మీరే వచ్చి చదువుకోండి."

"లేకపోతే?"

"మూటలు కట్టే ఉన్నాయి. ఆ పూటే పోతాం."

రాజు మాటకు కట్టుబడ్డాడు. మరునాడు పొద్దు వాలకముందే తన భటుల్ని నలుగుర్ని పంపాడు. అడుగు కనిపిస్తున్న బావి చుట్టూ వాళ్ళను కావలి పెట్టించాడు. ఎవరూ చెంబు నీళ్ళు తోడకూడదు, చెంబు నీళ్ళు పొయ్యకూడదు.

ఆ మర్నాడు కోడి కూతకు రాజు నల్లబండలో ఉన్నాడు. ఆయన సూర్యోదయం చూడటం అదే మొదలు. భట్టు పూజా భోజనమూ లేకుండా, ముఖం వేలాడేసుకుని పల్లకీ దిగాడు. ఊరంతా మూటలు పక్కన పెట్టుకుని నిలబడింది.

భట్టు తాడు దించాడు. తీసి లెక్కపెట్టాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఎంత?" అన్నాడు రాజు.

"పన్నెండు మూరలు."

"గ్రంథంలో?"

"రెండు."

ఎవరో పిల్లతల్లి గట్టిగా ఊపిరి వదిలింది.

"వానేమైనా పడిందేమో దేవరా" అన్నాడు భట్టు. కావలి భటుల తలపాగాల మీద దుమ్ము అట్లాగే ఉంది. రాజు దాన్ని చూపించాడు. భట్టు తల దించుకున్నాడు.

"సరే. ఇవాళ ఉన్నాయి" అన్నాడు రాజు. "రోజూ ఇట్లాగే ఉంటాయని రాతలో..."

"అదుగో దేవరా." సుంకులమ్మ చెయ్యి చూపింది. నల్లబండ మీద, నీటి అంచున, బావి చుట్టూ గీసినట్టు తెల్లటి చార. "నీళ్ళు రోజూ ఆడికొచ్చి నిలబడతాయి. పద్దెనిమిదేళ్ళ నుంచి బావి రాసుకుంటా ఉంది. సామిని చదవమనండి. ఆయనకు వచ్చు."

భట్టు రాతిమెట్లు దిగాడు. చార మీద వేలు రాసి నాలుకకు తాకించుకున్నాడు. గోటితో గీరి మందం చూశాడు.

"సున్నం దేవరా. ఏటేటా పొర మీద పొర పేరింది. ఒక ఏడాదిలో వచ్చేది కాదు." మెట్లెక్కి వచ్చాడు. "నేను పొద్దున రావలసింది. అడగవలసింది కూడా."

రాజు బావిలోకి వంగి చూశాడు. "దీన్ని తవ్విందెవరు?"

"ఐదు నిలువులు నా పెనిమిటి. రెండు నేను."

"ఆయనేడి?"

సుంకులమ్మ నీళ్ళ వైపు చూసింది. "ఐదో నిలువు దగ్గర పోయినాడు దేవరా. ఇప్పుడు ఆ చోటు నీళ్ళ కింద ఉంది."

రాజు చెప్పులు విడిచాడు. మెట్లు దిగి, దోసిలి పట్టి, నీళ్ళు తాగాడు. పైకి వచ్చేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ఆ నవ్వు పైకి వచ్చింది.

"భట్టుగారూ! మా కోట విప్పి ఈ బావికి వరలు కట్టాలని రాసిన దానికి ముద్ర వేసింది మీరేనండోయ్!"

భట్టూ నవ్వక తప్పలేదు.

రాజు తన చేతి కంకణం తీసి సుంకులమ్మకు ఇచ్చాడు. బావి చుట్టూ ఉన్న నేల ఆమెకు మాన్యంగా ఇచ్చాడు. సభామంటపానికి ఎర్రమట్టి అలికితే చాలునన్నాడు. చల్లగా కూడా ఉంటుందట.

"ఇంకేం కావాలో కోరుకో."

"గ్రంథంలో మా ఊరి మాట కొట్టెయ్యండి దేవరా."

భట్టే గంటం పట్టాడు. పాత కొలత కొట్టేసి కొత్తది రాశాడు. దాని కింద, ఎవరూ చెప్పకుండానే, మరొక మాట చేర్చాడు: 'కొలుచువారు తెల్లవారుజామున వెళ్ళవలెను. బావి తవ్వినవారిని అడగవలెను.'

"మరి మా కోట కొలత?" అన్నాడు రాజు. "అదీ కొట్టేయించాలి కదమ్మా. తిండి లేని రాజునని రాతలో ఉండిపోతే ఎట్లా?"

"రేపు గంట కొట్టే వేళకు వస్తా దేవరా. వడ్డించి పెట్టండి. చూసి రాయిస్తా."

రాజు నవ్విన నవ్వుకు కపిల ఎద్దులు బెదిరాయి.

ఆమె వెళ్ళిందనీ, రాణిగారే దగ్గరుండి వడ్డించిందనీ అంటారు. కాని రాజు ఆ తాటాకును మాత్రం కొట్టెయ్యనివ్వలేదు. గ్రంథానికి మొదటి ఆకుగా కుట్టించాడు. ఎవరైనా "గ్రంథంలో ఉంది దేవరా" అని వస్తే, ముందు అది చదివించేవాడు.

ఆ రోజు నల్లబండలో మూటలు విప్పారు. ఎద్దుల్ని కట్టారు. మూడు కపిలలూ నడిచాయి. మధ్యాహ్నం తిరిగేసరికి బావి అడుగు కనిపించింది. ఎవరూ భయపడలేదు.