పాటకు కట్టిన తాడు

మా గురువుగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న వేస్తే సమాధానం చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి నడుస్తారు, అడిగినవాడు వెంట నడవాలి. ఈ సంగతి తెలియక మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనుషులు కూడా ఎండలో ప్రశ్నలు వేసి ఇరుక్కుపోయేవారు.

ఒక ఏడాది వరినాట్లు వేసే ఊడ్పుల రోజుల్లో భావనారాయణ అనే శిష్యుడు ఆశ్రమానికి వచ్చాడు. కాలవ కింద కౌలుకు వరి చేసుకునే మనిషి. ఎక్కడో చూసి వచ్చి, ఈసారి చేనంతా అడ్డంగా తాడు పట్టి, దాని వెంట వరసల్లో నాటించాలని పట్టుబట్టాడు. వరసల్లో నాటితే గాలీ వెలుతురూ ఆడతాయి, కలుపు తీయడం తేలిక, గింజ బాగా పడుతుంది. అన్నీ నిజమే. కానీ నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠా ఒక పూట అలా నాటి, చేతులు కడుక్కుని గట్టెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ పిలిస్తే రాలేదు. అవతల నారుమడిలో నారు ముదిరిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే దాన్ని నాటినా ఒకటే, గేదెలకు వేసినా ఒకటే. ఆ పంట పోతే కౌలు చేనూ పోతుంది.

“మంచి చెబితే జనం ఎందుకు వినరండీ?” అని అడిగాడు. గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువగా ఉంది. గురువుగారు చెప్పులు వేసుకున్నారు. గొడుగు పట్టుకుని నేనూ బయల్దేరాను.

ముఠాను నడిపే దానమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. ఎందుకు రావడం లేదని గురువుగారు అడగలేదు. “ఆ తాడు దగ్గర నీకు ఎలా ఉందమ్మా?” అన్నారు.

“ఏముందయ్యగారూ. ఒక వరస అవగానే ఈ బాబు ‘ఆఁ, జరగండి’ అంటాడు. మళ్ళీ ‘ఆఁ, జరగండి’. గొడ్లను తోలినట్టే. పాట ఎత్తుకుంటే సగంలో తెగిపోద్ది. పాట లేకపోతే నడుం నెప్పి నడుంలోనే ఉంటది.”

“పాటదేముంది, ముందు పంట...” అని అందుకోబోయిన భావనారాయణ గురువుగారి చూపుకి ఆగిపోయాడు.

“రేపు ఒక్క పూట రా తల్లీ. తాడు ఒక కొస నేను పడతాను. చేతకాకపోతే తిట్టు,” అన్నారు గురువుగారు. మీరు మళ్ళో దిగడమేంటని దానమ్మ నొచ్చుకుంది, కానీ మర్నాడు ముఠాతో సహా వచ్చింది.

గురువుగారు పంచె ఎగ్గట్టి మోకాలి లోతు బురదలో ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస భావనారాయణ చేతిలో. నోరు మెదపకూడదని అతనికి ఆజ్ఞ. మొదటి వరసలు పాట లేకుండానే పడ్డాయి. తర్వాత, వంగిన నడుముకు అలవాటు కొద్దీ కాబోలు, దానమ్మ పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. వరస పూర్తికాగానే గురువుగారు తాడు లేపారు. పాట తెగింది.

“చరణం మధ్యలో కాదయ్యగారూ, మేం పల్లవికి వచ్చినాక ఎత్తాల,” అంది దానమ్మ తల ఎత్తకుండానే.

గురువుగారు అలాగే చేశారు. రెండో కొస ఆలస్యమైతే భావనారాయణకు చీవాట్లు పడ్డాయి. అన్నం వేళకు సంగతి కుదిరింది. పల్లవితో పాటే తాడు లేస్తోంది, అడుగులు వెనక్కి పడుతున్నాయి, జరగమని చెప్పే పని ఎవరికీ లేదు. ఎవరి చెయ్యైనా వెనకబడితే దానమ్మ చరణాన్ని కాస్త సాగదీసేది. నారు కట్టలు అందిస్తూ నేనూ గొంతు కలిపాను. నా గొంతు సంగతి ఇక్కడ అనవసరం.

నారు పూర్తిగా ముదరకముందే చేను నిండింది. పంట పండింది, కౌలు నిలిచింది.

మరుసటి ఏడు అవే రోజుల్లో భావనారాయణ మళ్ళీ వచ్చాడు, ముఖం ముడుచుకుని. కాలవ అవతల ఊరిలో ఆడవాళ్ళు తాడు పట్టి నాటుతుంటే చూశాడట. తన చేను చూసే నేర్చుకున్నారని పొంగిపోయి బురదలోకి దిగి, సాయం చేస్తానని ఒక కొస అందుకున్నాడట. వాళ్ళ పాట వేరు, చరణం పొడుగు. ఇతను మధ్యలో ఎత్తేశాడు.

“ఒక ముసలావిడ నా చేతిలో తాడు లాక్కుందండీ. ‘అటు జరుగు అబ్బాయా, తాడు సంగతి నీకేం తెలుసు, ఇది మా అమ్మమ్మల కాడినుంచి ఉంది’ అంది. అమ్మమ్మలట. నిరుడు ఈ తాడు కోసం నేను ఎంత ఏడ్చానో మీకు తెలుసు కదా. నా పేరు తలిచినవాళ్ళు ఒక్కరు లేరు.”

అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. నాకూ బాధేసింది. గురువుగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఈసారి చెప్పుల వైపు చూడలేదు.

“వాళ్ళ పాటకు తాడు ఎక్కడ ఎత్తాలో నేర్చుకుని వచ్చావా మరి?” అన్నారు.