చెలమ తవ్విన ఏదుపంది

ఇప్పచెట్లు దట్టంగా ఉండే గుమ్మడికొండ అడవిలో కణితి అనే పెద్ద కొమ్ముల దుప్పి, ఏదుపంది, నక్క, లేళ్ళు, ఇంకా బోలెడు జంతువులు ఉండేవి. అన్నిటికీ ప్రశ్నలేసే కుందేలు కూడా ఒకటుండేది. ఎండాకాలం వాగు ఎండిపోతే, ఇసుకలో చెలమ తవ్వితేనే అక్కడ నీళ్ళు.

పిల్లల దాహం తీర్చడానికి నక్క తప్ప జంతువులన్నీ కలిసి ఒక సేవాసంఘం పెట్టుకున్నాయి. దొరికిన దుంపలూ పళ్ళూ తెచ్చి సంఘం అవసరాలకని ఒక గుహలో దాచేవి. కణితిని పెద్దగా ఎన్నుకున్నాయి. కొమ్ములు చూశాయి గానీ బుర్ర చూడలేదు పాపం!

చెలమ తవ్వేది మాత్రం ఏదుపందే. గాలి వీస్తే చాలు, ఇసుక మళ్ళీ గుంటలో పడేది. పొద్దస్తమానం తవ్వుతుంటే తిండి వెతుక్కునే తీరికేదీ? దాని డొక్కలు ఎండిపోయాయి.

"కణితి మామా, రోజూ రెండు దుంపలు ఇప్పించు. ఆకలికి కాళ్ళు ఆడటం లేదు" అంది.

కణితి మండిపడింది. "సంఘంలో సభ్యుడివై ఉండి కూలి అడుగుతావా? సేవంటే సేవే!"

ఏదుపంది కళ్ళనీళ్ళు పెట్టుకుని, తిండి కోసం కొండవతలికి వెళ్ళిపోయింది.

కణితి నక్కను పనిలో పెట్టుకుంది. నక్క సభ్యుడు కాదు కాబట్టి కూలి ఇవ్వొచ్చట! నక్క పళ్ళన్నీ మెక్కి నీడన పడుకుంది. చెలమ పూడిపోయింది. లేడికూనలు తడి ఇసుకను నాకుతుంటే చూడలేకపోయాయి తల్లులు. కణితికీ గుక్కెడు నీళ్ళు దొరకలేదు.

అప్పుడు కుందేలు ముందుకు గెంతింది. "మామా, నాకో సందేహం. పరాయివాడు తవ్వితే కూలి, మనవాడు తవ్వితే పాపమా?"

"సంఘం సొత్తు మనమే పంచుకుంటే ఇంకేం మిగులుతుంది?"

"పంచుకోవడం వేరు, పనికి కూలి వేరు కదా! సభ్యుడని ఇవ్వొద్దు, పని చేశాడని ఇద్దాం. ఎంతివ్వాలో తేల్చేటప్పుడు మాత్రం తీసుకునేవాడు పక్కకు తప్పుకోవాలి."

కణితి ఆ మాటకు ఒప్పుకుంది. నక్కను తరిమేసి, ఎండిన గొంతుతో కొండవతలికి తనే నడిచి, ఏదుపందిని బతిమాలి తీసుకొచ్చింది. కూలి సంగతి తేలేదాకా ఏదుపంది పొద చాటున నిలబడింది. తర్వాత చెలమలో దిగింది. సాయంత్రానికి నీళ్ళూరాయి. కూనలు కడుపునిండా తాగాక ఏదుపందికి సంఘం దుంపలు ఇచ్చింది.

కణితికి నోరూరింది. "నేనూ సభ్యుణ్ణేగా, మరి నాకో?"

"నువ్వేం తవ్వావు మామా?" అని కుందేలు నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

అడవంతా గొల్లున నవ్వింది. కణితి తల దించుకుని, గిట్టలతో ఇసుక తోడటం మొదలుపెట్టింది.

నీతి: సంఘంలో ఉన్నందుకు కాదు, చేసిన పనికే కూలి. అది అడగడం తప్పు కాదు, ఎగ్గొట్టడమే తప్పు.