నిషేధమున్న రాజ్యంలో ద్రాక్షసారా కూర

తాతల కాలం నుంచీ మద్యం నిషిద్ధమైన ఆ రాజ్యంలో, ద్రాక్షసారా పోసి వండిన వేటమాంసం కావాలన్నాడు రాజుగారి విదేశీ అతిథి. వంటమనిషి తిరుపాలమ్మ పుల్లదానిమ్మ రసంలో కాస్త బెల్లం కలిపి వండింది. అతిథి కళ్ళు మూసుకుని తిన్నాడు.

నిషేధాన్ని అమలుచేసే అధికారి మల్లప నాయకుడు ఒక ముక్క నమిలి లేచాడు.

"ప్రభూ, ఇందులో ఉన్నది ద్రాక్షసారానే! ఈ వంటదాని చేతులు నరికించండి."

"రుచి ఖాయమేనా దొరా?" అంది తిరుపాలమ్మ.

"నా నాలుక పొరబడదు!"

ఆమె మిగిలిన దానిమ్మ రసం తెప్పించింది. రాజు రుచి చూశాడు; ఉత్త దానిమ్మ రసమే.

"సారా రుచి నేనెరగను ప్రభూ. అతిథిగారు చెబితే ఊహించి వండాను. దొరవారు ఎలా గుర్తుపట్టారో మరి!"

రాజు మల్లప నాయకుడి వైపు తిరిగాడు. "అవును, సారా రుచే" అనబోయిన ఇద్దరు మంత్రులు గబగబా నీళ్ళు తాగారు.