పెద్దబాతు నేర్పిన విసనకర్ర సాము

మామిడితోట అంచున ఒక కోళ్ళదొడ్డి, దానికి ఆనుకొని వెదురుదడి, దడికి అవతల సాము నేర్పే తాలింఖానా. ఆ దొడ్డిలో వయసులోనూ గొంతులోనూ అందరికంటె పెద్దదానను నేనే. మా పూర్వులు రాజహంసలని చెప్పుకోవడం నాకు అలవాటు. దొడ్డిలోనివారు మాత్రం నన్ను పెద్దబాతనే అంటారు.

ఆ నెలలో నక్క రెండు బాతుపిల్లలను ఎత్తుకొనిపోయింది. మిగిలిన పిల్లలలో నా మనుమరాలు పసిమి కూడ ఉన్నది. అందరూ దిగులుపడి కూర్చున్నవేళ నేను మెడ నిక్కించి, "భయమెందుకు? నాకు విసనకర్ర సాము వచ్చును" అన్నాను.

వచ్చుననడం కొంత సాహసమే. తెల్లవారగానే తాలింఖానా ఉస్తాదు మడత విసనకర్ర చేతబట్టి, దానిని విప్పుతూ, మూస్తూ, కత్తిలా దూస్తూ పన్నెండు భంగిమలు సాధన చేసేవాడు. మూడు వానాకాలాలు నేను దడిసందులోనుండి చూశాను. ఆయన తూర్పుకు తిరిగి నిలిచేవాడు. మా దొడ్డి ఆయనకు పడమట ఉన్నది. కనుక నేను ఆ విద్యనంతా వీపువైపునుండే అభ్యసించాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తలకొక లేత తాటాకు పంచి, మడతలు పెట్టించి, శిక్షణ ఆరంభించాను.

"ఏడవ భంగిమ! విసనకర్ర విప్పి ముఖానికి అడ్డుపెట్టవలెను. కళ్ళు మూసి పది లెక్కించవలెను. ఇది ఈ విద్యకు ప్రాణం!"

అందరూ మూశారు. చుక్కలపెట్ట మాత్రం తాటాకు అంచుమీదుగా తొంగిచూసింది.

"ఏమే, మళ్ళీ చూస్తున్నావా?"

"పిల్లలుగలదాన్నండీ పెద్దమ్మగారూ. కళ్ళు మూస్తే నాకు కాళ్ళాడవు."

"శాస్త్రానికి పిల్లలు లేరు. మూయి!"

"మూసినప్పుడు నక్క వస్తేనో?"

"భంగిమ పూర్తి అయినాక రమ్మను."

మూలన నెమరువేస్తున్న ముసలిఎద్దు నెమ్మదిగా తలెత్తి, "ఆ మర్యాద నక్కకు తెలుసునా అమ్మా?" అన్నది. నేను వినిపించుకోలేదు.

వారం గడిచింది. ఒక ఉదయం దడి తలుపు దగ్గర నక్క తలవంచి నిలిచింది.

"గురువమ్మా! తమ శిక్షణను చాటునుండి వారంరోజులుగా చూస్తున్నాను. ఇంత శుద్ధమైన భంగిమ ఆ ఉస్తాదుకు కూడ లేదు. నన్ను శిష్యునిగా స్వీకరించండి. మాంసం మానేశాను."

"వద్దండీ! దాని నోట్లో ఇంకా ఈక కనబడుతోంది!" అని పెట్ట అరిచింది.

"ఇదా? పళ్ళు కుట్టుకోవడానికి ఉంచుకున్నాను తల్లీ."

ఉస్తాదుకు కూడ లేదన్న మాట నా చెవులలో ఇంకా మ్రోగుతున్నది. తలుపు గడియను నా ముక్కుతో నేనే ఎత్తాను.

నక్క వినయంగా చివరి వరుసలో, పసిమి వెనుక నిలిచింది.

"ఒక్క సందేహం, గురువమ్మా. ఏడవ భంగిమలో పదికి ముందే ఎవరైనా కళ్ళు తెరిస్తేనో?"

"మహాపరాధం!"

"పక్కన ఏమి జరిగినా తెరవకూడదా?"

"పిడుగు పడినా తెరవరాదు."

"ధన్యుణ్ణి" అని నక్క తాటాకు విప్పింది. మంచి ప్రశ్నలు వేసే శిష్యుడు దొరికినందుకు నా కళ్ళు చెమర్చాయి.

ఏడవ భంగిమ వచ్చింది. కళ్ళు మూశాను.

"ఒకటి... రెండు... మూడు..."

"నాయనమ్మా!" అని పసిమి కేక వేసింది.

"భంగిమలో మాటలాడరాదు. నాలుగు..."

"నాయనమ్మా, నా రెక్క!"

"అయిదు... క్రమశిక్షణ, క్రమశిక్షణ... ఆరు..."

టపటపమని రెక్కల చప్పుడు, నక్క మూలుగు, ఎద్దు గిట్టల చప్పుడు వినిపించాయి. నేను మాత్రం పదివరకు లెక్కించి, దీర్ఘంగా శ్వాస విడిచి, అప్పుడు కళ్ళు తెరిచాను.

నక్క ముక్కునిండా తాటియీనెలు గుచ్చుకొని, దడి దాటి పారిపోతున్నది. పసిమి చుక్కలపెట్ట రెక్కకింద వణుకుతున్నది. పెట్ట పట్టుకున్న తాటాకు చీలికలు పేలికలైపోయింది. తొంగిచూసింది గనుకనే అది తాటాకును చటుక్కున మూసి, ఈనెల కొనలతో నక్క ముక్కున పొడవగలిగింది.

ఏదో ఒకటి అనడం నా స్వభావం గనుక, "పొడిచిన తీరు బాగున్నది గాని, మడమ ఎత్తకుండా పొడవవలసింది" అన్నాను. ఎద్దు నన్నొకసారి చూసి మళ్ళీ నెమరువేసుకొన్నది.

మర్నాడు తెల్లవారుజామున దడి చుట్టూ తిరిగి వెళ్ళి, జీవితంలో మొదటిసారి ఉస్తాదుకు ఎదురుగా నిలిచాను. ఆయన ఏడవ భంగిమ పట్టాడు. విసనకర్ర ముక్కువరకే ఉన్నది. దాని అంచుపైన రెండు కళ్ళు రెప్పవేయకుండా, అచ్చంగా చుక్కలపెట్ట కళ్ళలాగ, నన్నే చూస్తున్నాయి.

ఇప్పుడు దొడ్డిలో సాము నేర్పేది చుక్కలపెట్ట. నేను చివరి వరుసలో, మనుమరాలి వెనుక నిలుస్తాను.

"పెద్దమ్మగారూ, కళ్ళు!" అని అది గద్దిస్తుంది.

"తెరిచే ఉంచాను, గురువమ్మా" అంటాను.

వీపు చూసి విద్య నేర్చినవారు, శత్రువు ముఖం చూసి నిలిచేవారిని దిద్దబోరాదు.